ఒక్క పేరే ఉన్న ఓటు చీటీ

1955వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున ఆంధ్ర రాష్ట్ర శాసనసభకు మధ్యంతరపుటెన్నికలు జరిగినప్పుడు, నెల్లూరు జిల్లా పడమటి భాగమున ఆత్మకూరు నుండి ఎన్నికైనవారు బెజవాడ గోపాలరెడ్డిగారు. బుచ్చిరెడ్డిపాళెమున పుట్టి, శాంతినికేతనమున చదివి, రవీంద్రుని రచనలను తెనుగు పాఠకులకు అందించిన ఆ సాహిత్యప్రియులు, మార్చి 28వ తేదీన కర్నూలు రాజధానిగా గల ఆ చిన్న రాష్ట్రమునకు ముఖ్యమంత్రి అయిరి. అదే జిల్లాలోని అలగానిపాడున పుట్టి, అదే యెన్నికలలో కృష్ణాజిల్లా గన్నవరము నుండి గెలిచి, ఎదుటి వరుసలలో కమ్యూనిస్టు సభ్యులకు నాయకుడై కూర్చున్నవారు పుచ్చలపల్లి సుందరయ్యగారు. ఇరువురును భూవసతి గల కుటుంబములలో పుట్టినవారే, ఇరువురును స్వరాజ్యము కొరకు చెరసాల చూచినవారే. అయినను దేశమునకు ఏ మార్గము మేలన్న విషయమున ఒకరి తలపునకును మరియొకరి తలపునకును తూర్పు పడమరల దూరము. ఆ దూరమును కొలిచి, ఎవరిని ఏ వరుసలో కూర్చుండబెట్టవలెనో తేల్చినవారు ఓటర్లు.

ఆ యెన్నికలలో కమ్యూనిస్టులకు నూటికి 31 వంతుల ఓట్లు వచ్చెను, కాని 196 స్థానములలో దక్కినవి పదునైదు మాత్రమే. కాంగ్రెసువారు కృషికార్ లోక్ పార్టీతోను, ప్రజాపార్టీతోను కూడి ఐక్యసంఘటనగా ఏర్పడి, కమ్యూనిస్టు వ్యతిరేకుల ఓట్లు చీలకుండ చూచుకొనుట అందుకు ముఖ్యకారణము. దానికి తోడు మాస్కో నుండి తలవని తలంపుగా ఒక దెబ్బ తగిలెను. సోవియట్ కమ్యూనిస్టు పక్షపు అధికారపత్రికయగు ‘ప్రావ్దా’, జనవరి మాసమున, నెహ్రూ ప్రభుత్వమును ప్రశంసించుచు సంపాదకీయము ప్రకటింపగా, కాంగ్రెసువారు దానినే అచ్చువేయించి పంచిపెట్టిరి. తమకు పెద్దదిక్కనుకొన్న పక్షమే ప్రత్యర్థిని పొగడినప్పుడు ఇక్కడి కార్యకర్తలు ఓటర్లకు ఏమని సమాధానము చెప్పగలరు? రెండు పక్షములు నిజముగా తలపడుచున్నచోట వార్తాపత్రికలోని ఒక్క వ్యాసమునకు సైతము అంతటి బరువుండును. మరి ఆ ప్రావ్దా వెలువడుచుండిన దేశముననో? అక్కడను పార్లమెంటు కలదు, ఎన్నికలు కలవు, నియోజకవర్గములు కలవు, ఓటర్ల జాబితాలు కలవు. లేనిది రెండవ అభ్యర్థి ఒక్కడే.

ఆ యేర్పాటు ఎట్లు వచ్చెనో తెలిసికొనుట అవసరము; ఏలయన కాగితము మీద చూచినచో సోవియట్ శాసనము ఏ ప్రజాస్వామ్యమునకును తీసిపోవునది కాదు. 1936 డిసెంబరు 5వ తేదీన ఆమోదింపబడిన రాజ్యాంగము పదునెనిమిదేండ్లు నిండిన వారందరికిని సమానమైన ఓటును, ప్రత్యక్షమైన ఎన్నికను, రహస్యమైన పోలింగును వాగ్దానము చేసెను. అంతకు మున్ను మతగురువులకును, కూలివారిని పెట్టుకొని బ్రతుకువారికిని, పాత పోలీసువారికిని ఓటు లేదు. ఆ నిషేధమును అది తొలగించెను. మొదట ఒక్కొక్క స్థానమునకు పలువురు అభ్యర్థులు పోటీచేయవచ్చునన్న ఆలోచనయు సాగెను. కాని 1937 అక్టోబరు నాటికి ఆ యాలోచనను విరమించి, ‘కమ్యూనిస్టుల యొక్కయు, పక్షేతరుల యొక్కయు కూటమి’ పేరిట స్థానమునకు ఒక్కరినే నిలుపవలెనని నాయకత్వము నిశ్చయించెను. అక్కడి పార్లమెంటగు సుప్రీం సోవియట్టునకు మొదటి ఎన్నిక ఆ డిసెంబరు 12న జరిగెను. నూటికి 96 మందికి పైగా పోలింగునకు వచ్చిరనియు, వచ్చినవారిలో నూటికి 98 మందికి పైగా ఆ కూటమికే ఓటు వేసిరనియు ప్రకటించిరి. ఆ కాలమేదో మరువరాదు. 1937, 38 సంవత్సరములలో రాజకీయ నేరారోపణలతో మరణశిక్ష పొందినవారు ఆరు లక్షల ఎనుబది వేలకు పైబడిరని ఆ ప్రభుత్వపు రికార్డులే చెప్పుచున్నవి. రాత్రివేళ తలుపు తట్టిన చప్పుడైన గుండె ఆగిపోవు దినములలో, పగటివేళ ఓటు వేయ రమ్మని తలుపు తట్టినవానితో రానని చెప్పగల ధైర్యము ఎవ్వరికుండును?

ఆ పోలింగు కేంద్రములోనికి ఒక్కమారు పాఠకుని తీసికొని పోవలెను. విషయమంతయు అక్కడనే యున్నది. ఉదయము ఆరుగంటలకే తలుపులు తెరచెదరు. ఎఱ్ఱ గుడ్డలు కట్టియుండును, లౌడుస్పీకరులో పాటలు వచ్చుచుండును, ప్రక్కనున్న బల్లలపై ఆ దినమునకని ప్రత్యేకముగా తెప్పించిన తినుబండారములు అమ్ముచుందురు. మామూలు దినములలో అంగడిలో దొరకని నారింజపండ్ల వంటివి సైతము నాడు దొరకుటవలన, వాటి కొరకైనను జనము పెందలకడ వత్తురు. పార్టీవారు నియమించిన ప్రచారకుడు తన వంతునకు వచ్చిన కొన్ని యిండ్ల వారినందరిని పోలింగునకు చేర్చువరకు తన పని ముగిసినట్లు కాదు. మధ్యాహ్నము దాటినను రానివారి యింటికి అతడు మరల పోవలెను. మంచము పట్టినవారి వద్దకు పెట్టెనే మోసికొని పోదురు. వచ్చిన ఓటరు పేరు సరిచూచి చీటీలు చేతికిత్తురు. సుప్రీం సోవియట్టులో రెండు సభలు గనుక రెండు చీటీలు. ఒక్కొక్క దానిపై ఒక్క పేరు. మీరు ఓటు వేయదలచిన అభ్యర్థి పేరుంచి తక్కినవారి పేర్లు కొట్టివేయుడని ఆ చీటీ మీదనే అచ్చు వేసియుండును. కొట్టివేయుటకు తక్కినవారెవ్వరు లేరు! కనుక ఓటరు చేయవలసినదేమియు లేదు. చీటీలు మడిచి, అందరి యెదుట నిలువుగా నున్న పెట్టెలో వేసి, ఇంటికి పోవచ్చును.

తెరచాటు గది లేదా? ఉన్నది. చట్టము రహస్యమన్నది గనుక గదిలో ఒక మూల పరదా కట్టి, లోపల పెన్సిలు పెట్టి యుంచిరి. కాని ఆ పరదా వెనుకకు పోవువాడు ఎందుకు పోవుచున్నాడో చూచుచున్న వారికందరికిని తెలియును. ఉన్న ఒక్క పేరును కొట్టివేయుటకు తప్ప లోపలికి పోవలసిన పని మరేమున్నది? పోయినవారు శిక్షింపబడిరా లేదా అన్నది వేరు సంగతి. పోలింగు అధికారులు చూచుచుండగా, ఇరుగుపొరుగువారు చూచుచుండగా, తాను పనిచేయు కర్మాగారపు సంఘనాయకుడు చూచుచుండగా ఆ నాలుగడుగులు పక్కకు వేయుటయే సామాన్యునకు కొండ యెక్కుటంత కష్టము. రహస్యము చట్టమున నున్నది, మనుష్యుని అడుగులో లేకుండ పోయెను.

దీనిప్రక్క మన తొలి యెన్నికలను నిలిపి చూచిన, ఒక చిత్రమైన పోలికయు, దానికి మించిన భేదమును కనబడును. మన దేశమున 1952, 57 సార్వత్రిక యెన్నికలలో ఓటరు చీటీ మీద గుర్తు వేయు పద్ధతి లేదు. అక్షరము రాని కోట్లమంది కొరకు ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టి, పెట్టె మీద గుర్తు అంటించిరి: కాంగ్రెసుకు కాడి ఎద్దులు, కమ్యూనిస్టులకు కంకి కొడవలి. ఓటరు తన చీటీని ఏ గీతయు లేకుండగనే తనకు నచ్చిన పెట్టెలో వేయవలెను. అక్కడ మాస్కోలోను గీత లేని చీటీయే, ఇక్కడను గీత లేని చీటీయే. కాని యిక్కడ పెట్టెలన్నియు తెర వెనుక నుండెను. ప్రతి ఓటరును తెర వెనుకకు పోక తప్పదు. అందరును పోవలసిన చోటికి పోవుటవలన ఎవ్వని మనస్సును బయటపడదు. నేడు ఉదయగిరిలోనో, వింజమూరులోనో, మర్రిపాడులోనో బడిగదిలో మూడు మడతల అట్ట వెనుక యంత్రముండును. వ్రేలి మీద సిరాచుక్క పెట్టించుకొన్న ప్రతివాడును ఆ అట్ట వెనుక క్షణకాలము ఒంటరిగా నిలువవలెను. తన గ్రామపెద్దకు మాట యిచ్చి వచ్చినవాడును, డబ్బు పుచ్చుకొని వచ్చినవాడును, భర్త చెప్పినట్లు వేయుదునని తలయూచి వచ్చిన ఇల్లాలును అక్కడ తమ యిష్టము వచ్చిన మీట నొక్కవచ్చును. ఆ నాసిరకపు అట్ట వంటి గొప్ప వస్తువు మన ప్రజాస్వామ్యమున మరియొకటి లేదని నా నమ్మకము.

సోవియట్ లెక్కలు కాలము గడచినకొలది నూటికి మరింత చేరువయ్యెను. 1984 మార్చి ఎన్నికలలో హాజరు 99.99 శాతమని ప్రకటించిరి. అంత పెద్ద దేశమున పోలింగునాడు ప్రయాణములోను, ఆసుపత్రులలోను, కాన్పుగదులలోను ఉన్నవారెందరో తలచుకొన్న, ఆ సంఖ్య ఎట్లు వచ్చినదో వేరుగ చెప్పనక్కరలేదు. ఇంటివారందరి చీటీలను ఒక్కరే వేసివచ్చుట, ప్రయాణమునకని ధ్రువపత్రము పుచ్చుకొని జాబితా నుండి పేరు తప్పించుకొనుట ఎల్లరకును తెలిసిన యుపాయములు. అయినను ఆ సభను గూర్చి న్యాయముగ చెప్పవలసిన మాటయు నొకటి కలదు. దానిలో మూడవవంతు స్త్రీలుండిరి. పాలు పిదుకువారు, నేతపనివారు, సామూహిక క్షేత్రముల రైతులు సగమునకు పైగా నుండిరి. మన యిండ్లకు వచ్చుచుండిన ‘సోవియట్ భూమి’ నున్నని పుటలలో వారి నవ్వుమొగములను చూచి మురిసిన తెలుగు పాఠకులెందరో కలరు. ఆ పుటలే పిల్లల పాఠ్యపుస్తకములకు అట్టలయ్యెను. ఆ పాలు పిదుకునామె అచ్చముగ పాలు పిదుకునదే, అందు అబద్ధము లేదు. కాని సభ యేడాదికి రెండుమార్లు, మారునకు కొలది దినములు కూడి, అప్పటికే నిర్ణయమైన వానికి చేతులెత్తి చెదరిపోవునది. ఆమె చేయి ఎత్తుటకు వచ్చెను, అడ్డుచెప్పుటకు కాదు.

అట్లయినచో ఓటరు చేతిలో ఏమియు లేదా యన్న, అక్కడి ప్రజలు ఆ యిరుకులోనే ఒక సందు కనిపెట్టిరి. నూటికి నూరు హాజరు చూపవలసిన భారము అధికారులది గనుక, ఇంటికప్పు కారుచున్నది, బాగుచేయింపనిదే మేము రాము అని బెదిరించి, ఎన్నికలకు ముందే కప్పు వేయించుకొన్నవారు కలరు. చీటీ మీదనే తమ కష్టసుఖములు వ్రాసి పెట్టెలో వేసినవారు కలరు. మన పల్లెలలోను ఎన్నికలు వచ్చినప్పుడు, రోడ్డు వేయనిదే ఓటు వేయమని ఊరి మొదట బోర్డు కట్టుట కద్దు. మనుష్యస్వభావము ఎక్కడైనను ఒక్కటే. తనకున్న చిన్న ఆయుధమునే వాడుకొనును.

ఏకపక్షరాజ్యములలో అసలైన ఎన్నిక పోలింగునాడు జరగదు, అభ్యర్థిని పేర్కొను దినమున జరుగును. ఈ విషయమున నేటి వియత్నాం ఎన్నిక విస్పష్టమైన ఉదాహరణము. అక్కడ అభ్యర్థులు స్థానముల కంటె ఎక్కువమందియే యుందురు. 2021 మే 23న 500 స్థానములకు ఎనిమిది వందల అరువదికి పైగా అభ్యర్థులు నిలిచిరి. ఒక్కొక్క నియోజకవర్గమున ముగ్గురి కొరకు అయిదుగురు నిలిచిన చీటీలో ఓటరు తనకు వలదనుకొన్న పేర్లు కొట్టివేయును. చూచుటకు ఇది పోటీయే. కాని ఆ చీటీ మీదికి ఎక్కుటకు మున్ను పేరు మూడు వడపోతలు దాటవలెను. పార్టీ ఛత్రము క్రింద నడచు ‘పితృభూమి సంఘటన’ మూడుమార్లు సంప్రతింపులు జరిపి, అభ్యర్థి యింటి చుట్టుపట్ల వారితోను, పనిచేయు చోటివారితోను సభలు పెట్టి, తగనివారిని తొలగించును. తమంతట తామే నిలువగోరినవారిలో తుదివరకు మిగిలినవారు తొమ్మండుగురు, గెలిచినవారు నలుగురు. హాజరు 99.6 శాతము. క్యూబాలో ఈ వడపోత ఇంకను బిగువు: 2023 మార్చి 26న 470 స్థానములకు సరిగ్గా 470 మంది అభ్యర్థులు! గ్రామస్థాయిలో మాత్రము అక్కడ పొరుగువారు బహిరంగముగా చేతులెత్తి ఇద్దరు ముగ్గురిని పేర్కొందురు. ఆ కొసను నిజమైన ఊపిరి కొంత కలదు. జాతీయసభకు వచ్చుసరికి కార్మిక, మహిళా, విద్యార్థి సంఘముల ప్రతినిధులతో గూడిన సంఘములు జాబితా సిద్ధము చేయును. అయితే ఆ ఏడాది హాజరు 76 శాతమునకు దిగెను. ఒకప్పుడు నూటికి తొంబదియైదుకు తగ్గని దేశమది. చీనాలో సామాన్యుడు నేరుగా ఓటు వేయునది అడుగు మెట్టులలోనే. జాతీయ ప్రజాసభ సభ్యులను క్రింది సభలే ఎన్నుకొనును. ఆ సభ 2023లో దేశాధ్యక్షుని 2,952 ఓట్లతో, ఒక్క వ్యతిరేకపు ఓటైన లేకుండ, ఎన్నుకొన్నది.

క్యూబా హాజరు తగ్గుదలను నేను ప్రత్యేకముగ ఎందుకు చెప్పితిననగా, ఇట్టి యెన్నికలలో ప్రజల మనస్సు తెలియు కొలమానము గెలుపు కాదు, గైరుహాజరును కొట్టివేతయును. 1989లో ఆ కొట్టివేత చరిత్రనే త్రిప్పివేసెను. గోర్బచేవ్ సంస్కరణలలో భాగముగ ఆ మార్చి 26న సోవియట్ ప్రజాప్రతినిధుల మహాసభకు ఎన్నికలు జరిగినప్పుడు చాలచోట్ల పోటీకి అనుమతి లభించెను. లెనిన్‌గ్రాడ్ ప్రాంతపు పార్టీ ప్రథమ కార్యదర్శి యూరీ సోలొవ్యోవ్ మాత్రము తనకు పోటీ యెవ్వరు లేకుండ చూచుకొనెను. ఒంటరిగా నిలిచెను, ఓడిపోయెను! ఓటర్లలో సగమునకు పైగా పరదా వెనుకకు పోయి ఆ ఒక్క పేరును కొట్టివేసిరి. రెండు నెలలు గడచిన పిమ్మట, జూన్ 4న, పోలెండులో ప్రభుత్వపు పెద్దలు 35 మంది పోటీ లేని జాతీయ జాబితాలో నిలువగా, అందు ముప్పదిమువ్వురను ఓటర్లు అడ్డముగ గీత గీసి త్రోసివైచిరి. సోవియట్ దేశమున పెన్సిలును, పరదాయును యాభైయేండ్లుగా అక్కడనే యుండెను. నలుగురితో పాటు తానును ఆ మూలకు పోవచ్చునన్న ధైర్యము కలిగిననాడు అవి పనిచేసెను.

మన నెల్లూరు జిల్లా పడమటి తాలూకాలలో పోటీ లేని యెన్నికల రుచి బొత్తిగ తెలియనిది కాదు. పంచాయతీ యెన్నికలు వచ్చినప్పుడెల్ల ‘ఏకగ్రీవము’ అన్న మాట ఊరూర వినవచ్చును. రచ్చబండ వద్ద పెద్దలు కూర్చుండి, ఈమారు ఫలానావారు సర్పంచి, వచ్చేమారు ఫలానావారు అని ఒప్పందము చేసికొని, తక్కినవారిచే నామినేషను ఉపసంహరింపజేయుదురు. కక్షలు పెరుగకుండుటకు, ఖర్చు తగ్గుటకు ఇది మేలని చెప్పువారు కలరు. ప్రభుత్వమును అట్టి పంచాయతీలకు నగదు ప్రోత్సాహకములిచ్చుచున్నది. నిజముగ ఊరంతయు ఒక్కమాటపై నున్నచోట నాకును ఆక్షేపణ లేదు. అయితే రచ్చబండపై కూర్చున్నవారెవరు, దూరముగ నిలిచినవారెవరు అని ఒక్కమారు చూడవలెను. నామినేషను వేయబోవు దళితునికిగాని, ఒంటరి స్త్రీకిగాని ముందురాత్రి ఇంటికి కబురు వచ్చినచో, ఆ ఏకగ్రీవమునకును వియత్నాం వడపోతకును నడుమ దూరము కొంచెమే.

శాసనసభ స్థాయిలో దీనికి దగ్గరగా వచ్చినది 2022 ఆత్మకూరు ఉపయెన్నిక. మంత్రిగా నుండిన మేకపాటి గౌతమ్‌రెడ్డిగారు ఆ ఫిబ్రవరిలో హఠాత్తుగ మరణింపగా, ఆయన తమ్ముడు విక్రమ్‌రెడ్డిగారు వైఎస్సార్ కాంగ్రెసు పక్షమున నిలిచిరి. మరణించిన సభ్యుని కుటుంబమువారే నిలిచినప్పుడు పోటీ పెట్టరాదన్న సంప్రదాయమును పాటించి తెలుగుదేశము తప్పుకొనెను. భారతీయ జనతా పార్టీ పోటీచేసెను, స్వతంత్రులును నిలిచిరి. జూన్ 23న పోలింగునకు వచ్చినవారు నూటికి 64 మంది మాత్రమే. అంతకు మూడేండ్ల క్రిందట ఎనుబదికి పైగా వచ్చిరి. విక్రమ్‌రెడ్డిగారు 82,888 ఓట్ల ఆధిక్యముతో గెలిచిరి. నాలుగువేలకు పైగా ఓటర్లు ‘పైవారెవ్వరును కారు’ అన్న మీట నొక్కిరి. మాస్కోలో నయినచో ఆ ఆధిక్యమే తుదిమాట. ఇక్కడ రెండేండ్లు తిరుగకమునుపే, 2024లో, అదే ఆత్మకూరు ఓటర్లు అదే అభ్యర్థిని ఓడించి తెలుగుదేశము పక్షమున ఆనం రామనారాయణరెడ్డిగారిని గెలిపించిరి. ఎనుబది రెండువేల ఆధిక్యము ఎవ్వరికిని శాశ్వతముగ వ్రాసియిచ్చిన పట్టా కాదయ్యెను.

ఉదయగిరివారి స్వతంత్రబుద్ధి ఇంకను విశేషమైనది. 1978లో రాష్ట్రమంతటను ఇందిరా కాంగ్రెసు గాలి వీచుచుండగా వారు జనతాపక్షమునుండి ముప్పవరపు వెంకయ్యనాయుడుగారిని పంపిరి. 1983లో తెలుగుదేశపు ప్రభంజనములో సకలము కొట్టుకొనిపోవుచుండగా ఆయననే భారతీయ జనతా పార్టీ అభ్యర్థిగా మరల పంపిరి. 1985లో తెలుగుదేశము మరల రాష్ట్రము నేలగా వారు కాంగ్రెసునకు చెందిన మేకపాటి రాజమోహనరెడ్డిగారిని గెలిపించిరి. మూడుమార్లును రాజధానిలో అధికారమునకు వచ్చిన పక్షమునకు ఎదురునడచుటవలన ఆ మెట్టప్రాంతమునకు నీళ్లో, రోడ్లో కొంత ఆలస్యమై యుండవచ్చును. ఆ ఆలస్యమును భరించుటకైనను సిద్ధపడి తమకు తోచినవానిని ఎన్నుకొనగలుగుట చిన్న సంగతి కాదు.

ఈ ఉదయగిరి నియోజకవర్గముననే, కలిగిరి మండలమున, దూబగుంట గ్రామము కలదు. 1990ల మొదట వయోజనవిద్యా తరగతులలో అక్షరములు దిద్దిన అక్కడి కూలిస్త్రీలు, తమలో ఒకతెయగు రోసమ్మ ముందు నడువగా, సారాకొట్టు మూయించిరి. ఆ మంట జిల్లా అంతటను వ్యాపించి సారా వేలములను ఆపెను. వారిని ఏ పక్షమును పంపలేదు, ఏ చీటీ మీదను వారి పేరు లేదు. మద్యనిషేధపు విషయమున ఓటింగులో ఓడిపోయి 1954లో టంగుటూరి ప్రకాశంగారి ప్రభుత్వమే పడిపోయిన రాష్ట్రమిది. దాని తరువాతనే గదా గోపాలరెడ్డిగారు ఆత్మకూరు నుండి ముఖ్యమంత్రియైనది. దూబగుంట స్త్రీల పట్టుదలకు తలయొగ్గి 1993లో అప్పటి కాంగ్రెసు ప్రభుత్వమే సారాను నిషేధించెను. కాని అధికారపక్షము అంతటితో ఆగగా, ఆ స్త్రీల ఓట్ల కొరకు ఎదుట కాచుకొని యున్న మరియొక పక్షము సంపూర్ణ నిషేధము తెత్తునని వాగ్దానము చేసెను. 1994 డిసెంబరులో గెలిచిన ఆ తెలుగుదేశము పక్షపు నాయకుడు ఎన్.టి. రామారావుగారు ప్రమాణస్వీకార వేదికపైననే ఆ దస్త్రము మీద సంతకము చేసిరి. 1995 జనవరి 16 నుండి నిషేధము అమలులోనికి వచ్చెను. ఖజానాకు గండి పడినదని 1997లో దానిని సడలించిన ప్రభుత్వమును, ఆ సడలింపుపై ఆగ్రహించి వీథికెక్కిన స్త్రీలును మరల ఓటర్ల యెదుటికే రావలసివచ్చెను. మద్యపు ప్రశ్న నాటినుండి నేటివరకును రాష్ట్రమున పలు ఎన్నికలలో ఎవరో ఒకరి వాగ్దానపత్రములో ఉండనే యున్నది.